బల్బు మార్చే ముందు వెలుగు ఎక్కడ పోతోందో చూడండి

అందరికీ నమస్కారం.

రాత్రి కారు హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు సరిగా ఆనడం లేదనుకోగానే మన చెయ్యి ముందు బల్బు పెట్టె మీదికే పోతుంది. దాని మీద "150 శాతం ఎక్కువ వెలుగు" అని రాసి ఉంటుంది. ఆ అంకెతోనే మొదలుపెడదాం. అదేమిటో తెలిస్తే సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

హెడ్‌లైట్లలో వాడే హాలోజన్ బల్బుల్లో ఒక రకమైన హెచ్7నే తీసుకోండి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 37వది ఈ బల్బులకు సంబంధించింది. 13.2 వోల్టుల దగ్గర హెచ్7 1500 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) ఇవ్వాలి, 10 శాతం అటూ ఇటూ ఉండొచ్చు అంటుంది అది. అంటే 1350కి తగ్గకూడదు, 1650 దాటకూడదు. ఆమోదం ఉన్న బల్బు మామూలుదైనా, పెట్టె మీద 150 అని రాసుకున్న ఖరీదైనదైనా ఇదే గీత. మరి ఆ 150 శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది? పెట్టె వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. రోడ్డు మీద ఒకానొక చోట పడే వెలుగును, చట్టం అడిగే కనీసంతో పోల్చి చెప్పిన మాట అది. మీ కారులో ఇప్పుడున్న బల్బుతో పోల్చింది కాదు.

అలాగని అది ఉత్త బూటకమని కొట్టిపారేయనక్కర్లేదు. ఇలాంటి బల్బులో ఫిలమెంటును, అంటే వేడెక్కి వెలిగే తీగను, పొట్టిగా, బిగువైన చుట్లతో చుడతారు, ఇంకాస్త వేడెక్కనిస్తారు, చాలావాటిలో జెనాన్ వాయువు పీడనం పెంచి నింపుతారు. బల్బు వెనక అద్దంలా మెరిసే రిఫ్లెక్టరు చేసే పనల్లా ఫిలమెంటు ప్రతిబింబాన్ని రోడ్డు మీదికి విసరడమే. ఆ ప్రతిబింబం చిన్నదై, తెల్లగా మెరిస్తే దూరాన పడే వెలుగు చిక్కబడుతుంది. తేడా కంటికి తెలుస్తుంది. ఆ వేడికి ఫిలమెంటు తొందరగా అరిగిపోతుంది, అదీ బేరం. పైగా వెలుగు రెట్టింపయితే చూపు రెట్టింపు దూరం పోదు. దూరం వర్గంతో వెలుగు పలచబడుతుంది కాబట్టి, రెండింతల తీవ్రతకు లెక్క ప్రకారం దక్కేది 1.4 రెట్ల దూరమే.

కాబట్టి అసలు ప్రశ్న ఏ బల్బు కొనాలని కాదు. ఉన్న బల్బు ఇవ్వాల్సిన వెలుగు రోడ్డు దాకా చేరుతోందా అన్నది. దారిలో అది పోయే చోట్లు మూడు: వైరు, హెడ్‌లైటు ముందరి గ్లాసు, బీమ్ (వెలుగు ధార) ఎత్తు.

వైరు సంగతి కాస్త నిదానంగా చూద్దాం, అందరూ వదిలేసేది అదే కనుక. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా పెరగదు, తగ్గదు. సుమారుగా వోల్టేజీ 3.4 ఘాతం లెక్కన మారుతుంది. 5 శాతం వోల్టేజీ పోతే 16 శాతం వెలుగు పోతుంది. 10 శాతం పోతే 30 శాతం. ఇప్పుడు పాత కారు ఒకటి ఊహించుకోండి. ఇంజన్ నడుస్తోంది, బ్యాటరీ దగ్గర 14 వోల్టులున్నాయి. కరెంటు సన్నటి వైరులో స్టీరింగు కింది స్విచ్చు దాకా వెళ్లి, అరిగిన కాంటాక్టులు దాటి, మళ్లీ ముందుకొచ్చి, కారు బాడీకి కలిపే తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు మీదుగా తిరిగి పోవాలి. బల్బు దగ్గర 12.3 మిగులుతుంది. బ్యాటరీ దగ్గరున్న వోల్టేజీ మొత్తం అందితే వచ్చే వెలుగులో మూడో వంతుకు పైగా అలా వైర్లలో ఆవిరైపోయినట్టే.

కొలవడానికి వోల్టేజీ చూపే మల్టీమీటరు చాలు. ఇంజన్ నడుస్తూ, లైటు వెలుగుతూ ఉండాలి. కనెక్టరు ఊడదీసి కొలిస్తే లాభం లేదు, కరెంటు పారుతున్నప్పుడే నష్టం బయటపడుతుంది. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు కనెక్టరు వెనక నుంచి ప్లస్ పిన్నుకు ఆనించండి. మీటరు చూపేది ప్లస్ దారిలో పోయే వోల్టేజీ. తర్వాత బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య అదే చేయండి. రెండూ కలిపి అర వోల్టు లోపుంటే ఆ వైరింగును కదపొద్దు. ఎర్త్ వైపే 0.2 దాటితే ముందు ఆ బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి కొలవండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

ప్లస్ వైపే ఒక వోల్టు పోతుంటే రిలే పెట్టాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. లోబీమ్‌కు (కిందికి పడే దగ్గరి వెలుగు) ఒకటి, హైబీమ్‌కు (దూరపు వెలుగు) ఒకటి. బ్యాటరీ ప్లస్ నుంచి, బ్యాటరీకి జానెడు లోపే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రిలే 30వ పిన్నుకు తేవాలి. 87 నుంచి అదే మందం వైరు బల్బులకు. పాత హెడ్‌లైటు వైరు 86కు, 85 బాడీ ఎర్త్‌కు. ఒక్క జాగ్రత్త: కొన్ని కార్లలో స్విచ్చు ప్లస్ వైపు కాక ఎర్త్ వైపు ఉంటుంది. అక్కడ ఇలాగే కలిపితే రిలే పలకదు. 86కు ప్లస్ ఇచ్చి, స్విచ్చు నుంచి వచ్చే వైరును 85కు కలపాలి. ఇంత చేశాక బల్బు దగ్గర 12.3 కాస్తా 13.6 అయితే, అదే బల్బు 40 శాతం ఎక్కువ వెలుగుతుంది. పెట్టె మీది అంకెల్లో ఏదీ ఇంత నికరంగా రాదు.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. 5 శాతం వోల్టేజీ పెరిగితే బల్బు ఆయువు దాదాపు సగానికి పడిపోతుంది. తక్కువ వోల్టేజీకి అలవాటై ఏళ్ల తరబడి బతికిన బల్బు, రిలే పెట్టిన కొన్నాళ్లకే పోతే ఆశ్చర్యపోకండి. ఇక కొత్త కార్లలో హెడ్‌లైటును కంప్యూటరే నడుపుతుంది, కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంపుతూ కలుపుతూ వోల్టేజీని అదుపులో ఉంచుతుంది. అక్కడ మామూలు మీటరు అంకె నమ్మొద్దు, రిలే జోలికీ పోవద్దు.

గ్లాసు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇప్పటివి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండకు పైపూత పోయి పచ్చబడితే వెలుగు తగ్గడమే కాక చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. నీళ్లు పోస్తూ 1000, 2000, 3000 నంబరు కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ చేసి, చివర ఎండను ఆపే క్లియర్ కోటు వేయాలి. ఆ కోటు ఎగ్గొడితే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. టూత్‌పేస్టు చిట్కా కూడా అంతే. లోపలి రిఫ్లెక్టరును మాత్రం గుడ్డతో ముట్టుకోకండి. దాని మీది అల్యూమినియం పొర అతి పలచన, తుడిస్తే లేచిపోతుంది.

బీమ్ ఎత్తు. హెడ్‌లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. బీమ్ 1 శాతం కిందికి వాలితే, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగితే, దాని అంచు 65 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. అదే 2 శాతం వాలితే ముప్పై రెండున్నర మీటర్లకే. ఎత్తు సరిచేసే స్క్రూ కొంచెం తిరిగినందుకు సగం చూపు పోయింది. ఈ నష్టాన్ని ఏ బల్బూ పూడ్చలేదు. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, కారు లోపల బీమ్ ఎత్తు మార్చే లెవెలింగు చక్రం సున్నా మీద పెట్టి, సమతలంగా ఉన్నచోట గోడకు 10 మీటర్ల దూరంలో ఆపండి. బల్బు ఎత్తును గోడ మీద గుర్తించి, అక్కణ్ణుంచి 10 సెంటీమీటర్లు కింద గీత గీయండి. లోబీమ్ పై అంచు ఆ గీత మీద నిలవాలి. హెడ్‌లైటు మీద 1.2 అనో మరొకటో శాతం ముద్రించి ఉంటే దాన్నే పాటించండి.

ఇవన్నీ చూశాకా చాలకపోతే, అప్పుడు బల్బు.

ముందు రకం కుదరాలి. హెచ్4లో మూడు పిన్నులు, రెండు ఫిలమెంట్లు, 60/55 వాట్లు, హైబీమ్‌లో 1650, లోబీమ్‌లో 1000 ల్యూమెన్లు. లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగును అది ఆపబట్టే బీమ్‌కు పై అంచు ఏర్పడుతుంది, ఎదుటివాడి కళ్లు బతుకుతాయి. ఈ దొన్నె దగ్గరికి ఎల్‌ఈడీ మాటల్లో మళ్లీ వద్దాం. హెచ్7లో ఒకటే ఫిలమెంటు, 55 వాట్లు. హెచ్11 కూడా 55 వాట్లే, కానీ 1350 ల్యూమెన్లు.

రాత్రి హైవే ప్రయాణాలు ఎక్కువైతే, గాజుకు వీలైనంత రంగు లేకుండా ఉన్న 100-150 శాతం రకం తీసుకోండి, తరచూ మార్చాల్సి వస్తుందని ఒప్పుకొని. పగలంతా కూడా అవే బల్బులు వెలిగే కారైతే ఆ రకం వద్దు. 200 గంటలు బతికే బల్బు రోజుకు 2 గంటలు వెలిగితే 100 రోజుల్లో సరి. 30-50 శాతం రకం మధ్యేమార్గం, నన్నడిగితే ఎక్కువమందికి అదే సరిపోతుంది. నీలం పూత నిండా ఉన్న బల్బును మాత్రం వదిలేయండి. ఫిలమెంటు నుంచి వచ్చే వెలుగులో పసుపు, ఎరుపులను ఆ పూత మింగేస్తేనే అది నీలంగా కనబడుతుంది. డబ్బిచ్చి వెలుగు తగ్గించుకోవడం అది. పొగమంచును పసుపు వెలుగు చీల్చుకుపోతుందన్న మాట కూడా అంతంతే. మంచు బిందువులు వెలుగు తరంగం కన్నా ఎంతో పెద్దవి, రంగుతో వాటికి పనిలేదు.

100/90 వాట్ల బల్బుల గురించి అడగనివాళ్లుండరు. రెండు హైబీమ్‌లు కలిపి 15 ఆంపియర్లు లాగుతాయి. ఆ లైను 10 ఆంపియర్ల ఫ్యూజుకు తగ్గట్టు వేసిందైతే ఫ్యూజు పోతుంది. పెద్ద ఫ్యూజు వేస్తే, అప్పటినుంచి వైరే ఫ్యూజు. ముందుగా హోల్డరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, వేడికి పిన్నుల పట్టు సడలుతుంది, సడలిన చోట ఇంకా వేడి పుడుతుంది. రిఫ్లెక్టరు పూత బొబ్బలెక్కుతుంది. దాన్ని మార్చాలంటే హెడ్‌లైటు మొత్తం మార్చాల్సిందే. పైగా రోడ్డు మీద వాడటానికి ఈ వాట్లకు ఆమోదం లేదు.

ఎల్‌ఈడీ. కంపెనీయే ఎల్‌ఈడీ కోసం తయారుచేసిన హెడ్‌లైటు వేరు, దాని గురించి పేచీ లేదు. హాలోజన్ గూట్లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం గురించే మాట. ఫిలమెంటు సుమారు 4 మిల్లీమీటర్ల పొడవున్న సన్నని చుట్ట, చుట్టూ వెలుగుతుంది. ఎల్‌ఈడీలో వెలిగే బిళ్లలు పలకకు రెండు వైపులా ఉంటాయి. పలక మందంగా ఉన్నకొద్దీ ఆ రెండూ ఫోకస్ నుంచి పక్కకు జరుగుతాయి. దాంతో కారు ముందర పట్టపగల్లా ఉంటుంది, దూరాన చీకటి. ఇక్కడే మోసపోతాం: దగ్గరి వెలుగుకు కంటిపాప ముడుచుకుంటుంది, దూరం ఇంకా నల్లబడుతుంది, అయినా "ఎంత వెలుగో" అనిపిస్తుంది.

పెట్టె మీద 20,000 ల్యూమెన్లని ఉంటే ఒక చిన్న లెక్క వేయండి. వాటుకు 100 ల్యూమెన్లు వచ్చినా దానికి 200 వాట్లు కావాలి. పక్కనే 50 వాట్లని రాసి ఉంటుంది. ఆమోదమున్నవి కూడా లేకపోలేదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులను, జాబితాలో ఉన్న కారు మోడళ్లకు మాత్రమే అనుమతించారు. చాలా దేశాల్లో ఇలా మార్చడం చట్టవిరుద్ధమే, ముందు మీ చోటి నిబంధన చూసుకోండి. అనుమతి ఉండి కొనేటట్టయితే బిళ్లలు ఫిలమెంటు ఉన్న చోటే, అంతే పొడవులో ఉన్నాయా చూడండి. పలక సన్నగా ఉండాలి. బిళ్లలు కచ్చితంగా కుడి ఎడమలకు తిరిగేలా కాలరు (బల్బును గూట్లో పట్టి ఉంచే అంచు) తిప్పగలగాలి. హెచ్4 అయితే ఆ లోహపు దొన్నె తప్పక ఉండాలి. బిగించాక గోడ మీద చూసేది వెంటనే కాదు, 15 నిమిషాల తర్వాత. వేడెక్కాక వెలుగు ఎంత తగ్గిందో అప్పుడే తెలుస్తుంది. వెనక ఫ్యాను పట్టడం లేదని రబ్బరు మూతకు కన్నం పెట్టారా, వానాకాలంలో హెడ్‌లైటు లోపల నీటి ఆవిరి ఖాయం.

బిగించడం గురించి రెండు ముక్కలు. బల్బు గాజును వేళ్లతో పట్టుకోవద్దు. అది క్వార్ట్‌జ్, వందల డిగ్రీలు కాగుతుంది. చెమటలోని ఉప్పు ఆ వేడికి గాజును తినేసి, అక్కడ తెల్లటి మచ్చ పడి పగులుతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి. బల్బు అంచు గాడిలో పూర్తిగా కూర్చున్నాకే క్లిప్పు వేయండి, కాస్త వంకరగా కూర్చుంటే బీమ్ మొత్తం చెడుతుంది. రెండు వైపులా ఒకేసారి మార్చండి, మార్చాక గోడ దగ్గర ఎత్తు మళ్లీ చూడండి. తీసిన పాత బల్బులు వెలుగుతుంటే అవే పెట్టెల్లో పెట్టి డిక్కీలో వేసుకోండి. 150 శాతం రకం అర్ధరాత్రి పోయినప్పుడు పనికొచ్చేవి అవే.