మంచు పడేదాకా

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, గ్రౌండులో చెమట ఆరకముందే ఇక్కడికొచ్చి కూర్చున్న పిల్లలకూ.

ఇందాక పీడీ సార్ నన్ను పరిచయం చేస్తూ, "అమెరికాలో స్కీయింగ్ టీముతో పనిచేసి వచ్చారు" అన్నారు. అబద్ధం కాదు గానీ చిన్న సవరణ. నేను ఆ జట్టుతో ఉన్నది 2019 ఆగస్టు చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. అందులో వాళ్ళు మంచు మీద నిలబడింది ఐదే ఐదు రోజులు. ఒక్క పోటీ కూడా నేను కళ్ళారా చూడలేదు. పెళ్ళి పనులన్నీ చేసి, ముహూర్తానికి ముందే బస్సెక్కినవాడిని నేను. అందుకని పెళ్ళి గురించి అడక్కండి, పనుల గురించి చెబుతాను.

ఊరు వెర్మాంట్ రాష్ట్రంలో. అమెరికా ఈశాన్య మూల, కెనడాకు ఆనుకుని ఉంటుంది. నేను అక్కడ వ్యాయామ శాస్త్రంలో ఎమ్మెస్ చదువుతూ, ఒక సెమిస్టర్ ప్రాక్టికల్స్ కింద యూనివర్సిటీ నార్డిక్ స్కీ జట్టులో చేరాను. నా ఉద్యోగం మూడు ముక్కల్లో చెప్పొచ్చు: వాళ్ళ వెనకాల వ్యాన్ నడపడం, స్టాప్‌వాచ్ నొక్కడం, చెవి తమ్మె నుంచి రక్తపు చుక్క తీయడం. మూడోదాని గురించి మళ్ళీ వస్తాను.

స్కీయింగ్ అనగానే మనకు సినిమా పాటలో కొండ మీంచి జారిపోయే దృశ్యం కళ్ళముందుకొస్తుంది. అది ఆల్పైన్. నార్డిక్ వేరు. ఇక్కడ బూటు ముందుభాగమే స్కీకి బిగిస్తారు, మడమ లేస్తూ ఉంటుంది. దిగడమే కాదు, ఎక్కాలి కూడా, అదీ సొంత కాళ్ళతో, సొంత చేతులతో. కాళ్ళను సమాంతరంగా ముందుకీ వెనక్కీ జరిపేది క్లాసిక్ పద్ధతి, ఐస్ స్కేటర్‌లా పక్కలకు తోసేది స్కేట్ పద్ధతి. ఈ రెండోదాన్ని 1980ల మొదట్లో ప్రపంచ పోటీల్లో నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు బిల్ కోక్, ఆ వెర్మాంట్ మనిషే. 1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో 30 కిలోమీటర్లలో రజతం తెచ్చాడు. అమెరికాకు క్రాస్ కంట్రీలో, అంటే ఈ నార్డిక్ దూరపు పందేల్లో, ఆ తర్వాతి ఒలింపిక్ పతకం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2018లో. కిక్కన్ రాండల్, జెస్సీ డిగ్గిన్స్ కలిసి టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచారు. మధ్యలో 42 ఏళ్ళు. అంత డబ్బూ అంత మంచూ ఉన్న దేశానికి!

కాలేజీ పోటీల్లో ఇంకో విచిత్రం. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఆల్పైన్, నార్డిక్, మగపిల్లలు, ఆడపిల్లలు అందరి పాయింట్లూ కలిపి ఒకటే లెక్క. ఒక కాలేజీ నుంచి మొత్తం 12 మందికి మించి పంపకూడదు, అందులో నార్డిక్ అబ్బాయిలు ముగ్గురు, అమ్మాయిలు ముగ్గురు. మా జట్టులో నార్డిక్ వాళ్ళే పదహారు మంది. ఆ ఆరు చోట్ల కోసం పదహారు మందీ మే 1 నుంచి లెక్క మొదలుపెడతారు. ఆ ఆటలో కొత్త సంవత్సరం మే 1నే. ఎన్ని కిలోమీటర్లు అని రాసుకోరు, ఎన్ని గంటలు అని రాసుకుంటారు. కాలేజీ స్థాయిలో ఏడాదికి 500 నుంచి 700 గంటలు మామూలు.

మొదటి రోజు చెబుతాను. ఆదివారం పొద్దున గ్రీన్ మౌంటెన్స్‌లో రెండున్నర గంటల పరుగు. అక్కడ లాంగ్ ట్రెయిల్ అని ఒక కాలిబాట ఉంది, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు 437 కిలోమీటర్లు. అందులో ఒక ముక్క. నేను కూడా బూట్లు బిగించాను. మన యూనివర్సిటీకి 5000 మీటర్లు పరిగెత్తినవాణ్ణి కదా, నాలుగేళ్ళు దాటినా ఆ పొగరు ఉంది. కాసేపటికి అనుమానం వచ్చింది: వీళ్ళేంటి ఇంత మెల్లగా పోతున్నారు? కబుర్లు చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఎత్తు వచ్చిందంటే చాలు, అందరూ పరుగు ఆపి నడక! మిన్నెసోటా నుంచి వచ్చిన మొదటి ఏడాది అమ్మాయి ఒకతి ఉత్సాహం ఆగక ముందుకు పోయింది. కోచ్ గారు వెనక్కి పిలిచి, "నీ హైస్కూల్ గురించి నాకు ఒక కథ చెప్పు, మధ్యలో ఆగకుండా" అన్నారు. ఆ అమ్మాయి మూడో వాక్యం దగ్గర ఆయాసపడింది. "అందుకే నడవమన్నది" అన్నారాయన.

దాన్ని వాళ్ళు లెవెల్ 1 అంటారు. ఒకటి నుంచి ఐదు దాకా మెట్లు. లెవెల్ 1లో ఊపిరి తీసుకోవడానికి మాట ఆపాల్సిన పని ఉండకూడదు. లెవెల్ 3 అంటే కష్టంగానే ఉంటుంది గానీ అరగంట నిలబెట్టగలరు. ఐదంటే ఇక చెప్పేదేముంది, కళ్ళు బైర్లు కమ్మడమే. ఏడాది గంటల్లో చాలా పెద్ద వాటా లెవెల్ 1దే.

ఇది ఒక్క కోచ్ పిచ్చి కాదు. శీతాకాల ఒలింపిక్స్‌లో 15 పతకాలు తీసుకున్న నార్వే స్కీయర్ మారిట్ బ్యోర్గెన్ డైరీలన్నీ పరిశోధకులు కూర్చుని లెక్కగట్టారు. ఆమె ఉచ్ఛదశలో ఏడాదికి 940 గంటల దాకా చేసింది. అందులో పదింట తొమ్మిది వంతులు తేలిక వేగమే.

ఇక రక్తపు చుక్క. వ్యాయామం మధ్యలో ఆపి చెవి తమ్మె మీద సూదితో గుచ్చి, ఒక చుక్క చిన్న మిషన్‌లో పెడితే లాక్టేట్ ఎంతుందో చూపిస్తుంది. కండరాలు గట్టిగా కష్టపడేకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం అది. తేలిక రోజున రెండు లోపు ఉండాలి. నాలుగు దగ్గరికి వచ్చిందంటే ఒళ్ళు అప్పుచేసి నడుస్తోందన్నమాట. సెప్టెంబరులో ఒక రోజు ఒక కుర్రాడికి 3.6 వచ్చింది. రోలర్ స్కీల మీద, అంటే రోడ్డు మీద నడిచే చక్రాల స్కీల మీద, తేలిక రోజు అది. "నాకు తేలిగ్గానే ఉంది కోచ్" అన్నాడు. కోచ్ గారు ఒక్క మాట అనలేదు. వ్యాన్ తలుపు తీసి చూపించారు, అంతే. ఆ కుర్రాడు నా పక్క సీట్లో కూర్చుని అరగంట సేపు తన జట్టు వీపులు చూస్తూ వచ్చాడు. కొడితే బాగుండేది అన్నట్టుంది ముఖం.

నెమ్మదిగా వెళ్తే ఏమొస్తుంది అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కండరంలో సన్నటి రక్తనాళాలు పెరగడానికి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి గంటలు కావాలి, చాలా గంటలు. రోజూ ప్రాణం తీసే వేగంతో పోతే ఆ గంటలు పోగవవు, మూడో రోజుకే ఒళ్ళు మొరాయిస్తుంది. ఇంకో లాభం ఉంది, ఇది నేను కళ్ళతో చూసింది. తేలిక రోజు నిజంగా తేలిగ్గా ఉంటేనే గట్టి రోజు నిజంగా గట్టిగా ఉంటుంది. బుధవారాలు ఆల్పైన్ స్కీ కొండకు తీసుకెళ్ళేవాళ్ళం. గడ్డి వాలు, చేతిలో కర్రలు, పైకి లేడిపిల్లల్లా గెంతుకుంటూ నాలుగు నిమిషాలు, దిగి మళ్ళీ నాలుగు నిమిషాలు, అలా ఆరు సార్లు. ఆదివారం కబుర్లు చెప్పినవాళ్ళే వీళ్ళు. ఐదోసారికి గడ్డిలో వాంతులు చేసుకునేవాళ్ళు, నోరు తుడుచుకుని ఆరోదానికి వరసలో నిలబడేవాళ్ళు.

నేను చదివిన రోజుల్లో ఏం చేసేవాణ్ణో చెబితే మీలో కొందరు తల వంచుకుంటారు. పది నెలలు క్యాంటీన్. సెలక్షన్స్ ఇంకో పదిహేను రోజులుందనగా రోజూ పొద్దున, సాయంత్రం స్టాప్‌వాచ్ పెట్టుకుని పోటీ వేగంతో పరుగు. పదో రోజుకు తొడ వెనక కండరం పట్టేసేది. అందరం నిమ్మకాయ సోడా తాగి, "టైం బాలేదు రా" అనుకునేవాళ్ళం.

రోలర్ స్కీల సంగతి మరిచాను. రెండడుగుల చిల్లర పొడుగు కడ్డీ, ముందొక చక్రం, వెనకొక చక్రం. బ్రేకుల్లేవు. మళ్ళీ చెబుతున్నా, బ్రేకుల్లేవు. తారు రోడ్డు మీద వాలులో ముప్పై, నలభై కిలోమీటర్ల వేగం ఇట్టే వస్తుంది. కర్రల చివర గట్టి లోహపు మొన ఉంటుంది, అది తారులో దిగితేనే తోయడానికి పట్టు. రోడ్డు దాన్ని అరగదీస్తుంది కనక ప్రాక్టీసుకు ముందు పదహారు మందీ గట్టున కూర్చుని మొనలకు సాన పట్టుకునేవాళ్ళు, మన వీధుల్లో కత్తులకు సాన పట్టేవాడిలా, అదే కీచుమనే చప్పుడు. అక్టోబరులో ఆకులు ఎరుపెక్కుతాయి, వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని జనం వస్తారు. వాళ్ళ కళ్ళు చెట్ల మీదే తప్ప రోడ్డు మీద ఉండవు. వెనక వ్యాన్‌లో లైట్లు మిణుకు మిణుకుమనిపిస్తూ నేను. ఆ నెలంతా గుండె గుప్పిట్లో పెట్టుకుని నడిపాను. ఒకమ్మాయి గులకరాయి మీద చక్రం ఎక్కి పడిపోయింది. తుంటి దగ్గర అరచేయంత చర్మం లేచిపోయింది. నేను కంగారుగా మందుల పెట్టె వెతుకుతుంటే, ఆ పిల్ల రోడ్డు మీద కూర్చునే, "వాచ్ ఆపావా?" అని అడిగింది. గంటలు రాసుకునే లాగ్‌లో ఆ పడిన నిమిషాలు కలవకూడదట.

తిండి గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు. బరువు తగ్గితే ఎక్కడం తేలికవుతుందని తిండి మానేసేవాళ్ళు ఈ ఆటలో తరచు కనిపిస్తారు. ఖర్చుచేసే శక్తికి తగ్గ తిండి పడకపోతే నెలసరి ఆగుతుంది, ఎముకలు చిట్లుతాయి, మగపిల్లలకూ హార్మోన్లు దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టి మరీ హెచ్చరించింది. మా జట్టులో బరువు చూడ్డం నిషేధం. దాని బదులు రక్తంలో ఇనుము నిల్వ పరీక్ష చేయించేవాళ్ళు. ప్రాక్టీసు అయిన అరగంటలో ఏదో ఒకటి తినాల్సిందే. చాక్లెట్ పాలు, బ్రెడ్డు, అరటిపండు. ఒక ఆదివారం నేను పెద్ద గిన్నెడు పులిహోర చేసి వ్యాన్‌లో పెట్టుకెళ్ళాను. ఉప్పు, పులుపు, అన్నం, వేరుశనగలు. మూడు గంటల పరుగు తర్వాత ఒంటికి ఇంతకన్నా ఏం కావాలి? ఎండుమిరపకాయల్ని కూడా నమిలి ఏడ్చినవాళ్ళున్నారనుకోండి, అది వేరే సంగతి. తర్వాత ప్రతి ఆదివారం అడిగేవాళ్ళు.

సెప్టెంబరు, అక్టోబరు బాగానే గడుస్తాయి. నవంబరు పాడు నెల. ఆకులు రాలిపోతాయి, మంచు రాదు. శీతాకాలానికని అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఇక సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మీద పడేది వాన కాదు, మంచు కాదు, రెండూ కలిసిన చల్లటి జావ. అడవిలో దుప్పుల వేట మొదలవుతుంది కనక తూటా తగలకుండా నారింజ రంగు చొక్కాలేసుకుని పరిగెత్తాలి. ఇంకోపక్క పరీక్షలు. నుదుటి మీద లైటు కట్టుకుని గంటంపావు పరిగెత్తి, అదే లైటుతో వ్యాన్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన పిల్లను చూశాను. ఎవరో ఒకరు రోజూ ఏడ్చేవాళ్ళు. పోటీ లేదు, చప్పట్లు లేవు, స్కీలు గోడకు ఆనించి ఉన్నాయి. జట్టు అనేది అసలు ఆ నెలలోనే తయారవుతుందని నాకు అనిపించింది. ఏడ్చినవాళ్ళ బూట్ల సంచి ఎవరో మాట్లాడకుండా మోసేవాళ్ళు.

మంచు రాకపోతే దాచుకోవడమే. ఇది నాకు భలే నచ్చిన సంగతి. వెర్మాంట్ ఉత్తరాన క్రాఫ్ట్స్‌బరీ అని స్కీ కేంద్రం ఉంది. 2018లో అక్కడ శీతాకాలపు మంచును తొమ్మిది వేల ఘనమీటర్లకు పైగా గుట్టపోసి, మీద చెక్కపొట్టు కప్పి, ఆ పైన తెల్లటి పట్టా పరిచి, ఎండాకాలమంతా ఉంచారు. సగానికి పైగా మిగిలింది! యూనివర్సిటీ వాళ్ళు దాని మీద పరిశోధన వ్యాసం కూడా రాశారు. నేను కోచ్ గారితో, "మా ఊళ్ళో సోడా బడ్డీవాడు ఐసుగడ్డను ఊకలో పెట్టి ఇదే చేసేవాడు" అన్నాను. ఆయన నమ్మలేదు. అప్పుడు మద్రాసు ఐస్ హౌస్ కథ చెప్పాను. అదే, వివేకానందుడు బస చేసిన భవనం. అమెరికావాళ్ళు తమ చెరువుల్లో గడ్డకట్టిన నీటినే కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో 1833 నుంచి కలకత్తాకు, ఆ తర్వాత మద్రాసుకు అమ్మారు. అంటే వాళ్ళ తాతల చిట్కాయే ఇది.

నవంబరు చివరి వారం కెనడాలోని క్యూబెక్‌లో మోంట్‌మొరెన్సీ అడవికి వెళ్ళాం. అక్కడా దాచిన మంచే మొదట పరుస్తారు. చిన్న చుట్టు, పదుల కొద్దీ జట్లు, గానుగెద్దుల్లా తిరగడం. ఆ వారంలోనే ఫ్లోరిన్ కలిసిన స్కీ మైనాన్ని నిషేధిస్తున్నట్టు అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రకటన వచ్చింది. స్కీ అడుగున రాస్తే తడి మంచులో దూసుకుపోతుంది, కానీ ఆ రసాయనం మైనం రాసేవాళ్ళ రక్తంలో పేరుకుంటుంది. నిషేధం పూర్తిగా అమలయ్యేసరికి 2023 శీతాకాలం వచ్చింది. మొదటి రోజు పదహారు మందీ మంచు మీదకు దిగగానే కేకలు, కౌగిలింతలు. ఎవరో పడ్డారు, ఎవరో ఆ మంచునే తిన్నారు. కోచ్ గారు గట్టు మీంచి అరిచిన మాట ఒక్కటే: "లెవెల్ 1!"

డిసెంబరులో నా సెమిస్టర్ అయిపోయింది, వేరే రాష్ట్రానికి మారాను. 2020 మార్చిలో జాతీయ ఛాంపియన్‌షిప్ మొంటానాలోని బోజ్‌మన్‌లో మొదలైంది. మా వాళ్ళలో నలుగురికి చోటు దొరికింది. సగం పోటీలయ్యాక మార్చి 12న కోవిడ్ వల్ల మిగతావి రద్దు. పది నెలల గంటలన్నీ ఏ రేసు కోసం దాచుకున్నారో, వాళ్ళలో ఇద్దరికి ఆ రేసే లేకుండా పోయింది. వ్యాన్‌లో నా పక్కన కూర్చున్న 3.6 కుర్రాడు ఆ ఇద్దరిలో ఒకడు. ఫోన్ చేద్దామనుకున్నాను, ఏమనాలో తోచక చేయలేదు.

మే 1 సాయంత్రం అతని దగ్గర్నుంచే మెసేజ్ వచ్చింది. మాటల్లేవు, కొత్త లాగ్‌బుక్ మొదటి పేజీ ఫోటో. ఒకే వరుస రాసి ఉంది: పరుగు, గంటన్నర, లెవెల్ 1, లాక్టేట్ 1.4.