ఆ పెట్టెలో ఏముంది? కొత్త నిబంధన ఒక పుస్తకం కాకముందు

[తెర మీద: ఉత్తర ఆఫ్రికా మ్యాప్. ఒక చుక్క వెలుగుతుంది.]

క్రీస్తు శకం 303, మే 19. ఊరి పేరు సిర్టా. ఇప్పుడు అల్జీరియాలో కాన్‌స్టంటీన్ అని పిలుస్తున్నది ఈ ఊరినే. ఊరి అధికారి మునాటియస్ ఫెలిక్స్ తన మనుషులను వెంటబెట్టుకుని, క్రైస్తవులు కూడుకునే ఇంటికి వచ్చాడు. చక్రవర్తి డయోక్లీషియన్ ఆజ్ఞ అలా ఉంది మరి: వాళ్ల గ్రంథాలు ఎక్కడ దొరికినా పట్టుకుని తగలబెట్టాలి.

వచ్చినవాళ్లు ముందు సామాన్లకు పంచనామా రాశారు. అది ఇప్పటికీ మనకు మిగిలి ఉంది. బంగారు పాత్రలు 2, వెండి పాత్రలు 6, ఆడవాళ్ల అంగీలు 82, మగవాళ్లవి 16, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. లేనివాళ్లకు పంచడానికి పెట్టిన బట్టలు కాబోలు. సరే, పుస్తకాలేవి? పుస్తకాల గదిలో బీరువాలు తెరిస్తే ఖాళీ. చివరికి ఒకే ఒక్క పెద్ద పుస్తకం బయటికి వచ్చింది.

"మిగతావి ఏవి?"

"చదివేవాళ్ల దగ్గర ఉన్నాయి."

"వాళ్ల పేర్లు చెప్పండి."

"మేం ద్రోహులం కాదు. ఇదిగో ఇక్కడే ఉన్నాం, చంపించండి."

ఆ మాట అన్న ఇద్దరినీ అరెస్టు చేశారు. తర్వాత ఇల్లిల్లూ తిరిగారు. ఒకరింట్లో 4 పుస్తకాలు. రంగురాళ్లతో నేల మీద బొమ్మలు పరిచే పనివాడి ఇంట్లో 5. ఇంకొకరింట్లో 8. ఒకచోట మగమనిషి లేడు, అతని భార్య 6 తెచ్చి ఇచ్చింది. ఇంకేమైనా దాచిందేమోనని ఇల్లంతా వెతికించారు కూడా.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించారా? "బైబిల్ ఉందా?" అని ఎవరూ అడగలేదు. నాలుగు పుస్తకాలు, ఐదు పుస్తకాలు, ఎనిమిది పుస్తకాలు. అట్ట వేసి, జిప్పు పెట్టి, ఆదివారం చంకలో పెట్టుకెళ్లే ఒకే గ్రంథం మనకు అలవాటు. వాళ్ల దగ్గర ఉన్నవి విడివిడి పుస్తకాలు, తలా కొన్ని. అసలు బైబిల్ అనే మాట వచ్చింది 'బిబ్లియా' అనే గ్రీకు మాట నుంచి. అది బహువచనం, 'పుస్తకాలు' అని అర్థం.

ఆ విడి పుస్తకాలు ఎలా పుట్టాయి, ఎలా ఒకచోటికి చేరాయి అన్నదే ఈ వీడియో. మతం గురించి వాదన పెట్టుకోవడం లేదు, చరిత్ర మాత్రమే.

[తెర మీద: గలిలయ సరస్సు. పక్కన సంవత్సరం: 30]

యేసును సిలువ వేసింది సుమారు 30వ సంవత్సరంలో. అప్పుడు యూదయ మీద రోమ్ అధికారి పొంతి పిలాతు. ఇతను కల్పిత పాత్ర అని ఎవరైనా అంటే, 1961లో కైసరయలో దొరికిన రాయి చూపించండి. పిలాతు పేరు, హోదా దాని మీద చెక్కి ఉన్నాయి.

ఆ రోజు నాటికి కొత్త నిబంధనలో, అంటే బైబిల్లో యేసు గురించి చెప్పే రెండో భాగంలో, ఒక్క వాక్యం కూడా లేదు. యేసు ఏమీ రాసి ఇవ్వలేదు. ఆయన శిష్యులకు 'లేఖనాలు' అంటే యూదుల గ్రంథాలే: ధర్మశాస్త్రం, ప్రవక్తలు, కీర్తనలు. అవి హీబ్రూలో, తోలు చుట్టల మీద ఉండేవి. గ్రీకు మాట్లాడే ఊళ్లలో ఉన్న యూదులకు అంతకు రెండు మూడు వందల ఏళ్ల ముందు నుంచే గ్రీకు అనువాదం ఉంది. యేసు గురించి మాత్రం అంతా నోటిమాటే. ఆయన మాట్లాడింది అరామిక్. మనకు దొరికింది గ్రీకు. యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాలను సువార్తలు అంటారు. ఈ రెంటి మధ్య అతుకు వాటిలో ఒకటైన మార్కు సువార్తలో ఇప్పటికీ కనబడుతుంది. చనిపోయిందనుకున్న పిల్లను చెయ్యి పట్టుకుని లేపేటప్పుడు ఆయన అన్నమాట 'తలీతాకుమీ' అని అలాగే ఉంచేసి, పక్కనే అర్థం చెప్పాడు రాసినాయన. అంటే వినేవాళ్లకు అరామిక్ రాదన్నమాట.

[తెర మీద: పాపిరస్ మీద రాస్తున్న చెయ్యి]

ఇక మొదట కాగితం ఎక్కినవి ఏవి? సువార్తలు అనుకుంటారు చాలామంది. పుస్తకంలో ముందు అవే ఉంటాయి కదా. కానీ కాదు, ఉత్తరాలు. తెలుగు బైబిల్లో వీటిని 'పత్రికలు' అన్నారు. ఈ రోజుల్లో పత్రిక అంటే పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు. అందుకేనేమో, ఇవి నిజంగా ఒకరు ఇంకొకరికి రాసుకున్న ఉత్తరాలన్న సంగతి మన చెవికి ఆనదు.

ఊరూరూ తిరిగి యేసు గురించి ప్రచారం చేసిన పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరం సుమారు 50వ సంవత్సరానిది. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు? కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు అనే పుస్తకంలో, పౌలు కొరింథులో ఉండగా గల్లియోను అనే అధికారి ముందు నిలబెట్టారని ఉంది. గ్రీసులో డెల్ఫీ దగ్గర దొరికిన రాతిముక్కల మీద క్లాడియస్ చక్రవర్తి జాబు ఒకటి చెక్కి ఉంది, అందులో ఈ గల్లియోను పేరు వచ్చింది. దాన్నిబట్టి అతను అక్కడ పనిచేసింది 51, 52 ప్రాంతాల్లో అని తేలింది. పౌలు తేదీలన్నీ ఆ ఒక్క మేకుకు తగిలించిన లెక్కలే.

ఆ కాలంలో ఉత్తరాలకు ఒక వరస ఉండేది. ఎవరు రాస్తున్నారు, ఎవరికి, తర్వాత ఓ శుభం పలకడం, దేవుడికి కృతజ్ఞత. మన తాతలు "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టేవారే, అలాంటిదే. పౌలు కూడా ఆ వరసలోనే మొదలుపెడతాడు. గలతీయులకు రాసినప్పుడు మాత్రం ఎంత మండిపోయి ఉన్నాడో, కృతజ్ఞత ఎగరగొట్టి నేరుగా తిట్లలోకి దిగాడు.

ఆయన చెప్తుంటే ఇంకొకరు రాసేవారు. రోమీయుల పత్రిక చివర రాతగాడు తెర్తియు తన పేరు చెప్పుకుని వందనాలు కూడా పెట్టాడు. ఇంకా బాగా కనబడేది కొరింథీయుల మొదటి పత్రికలో. అక్కడ ఊళ్లో జనం ముఠాలు కట్టి కొట్టుకుంటున్నారు. పౌలు చిరాకుగా అంటాడు: క్రిస్పుకు, గాయియుకు తప్ప మీలో ఇంకెవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, దేవుడి దయ. అన్నాక గుర్తొచ్చింది: ఆ, స్తెఫను ఇంటివాళ్లకు కూడా ఇచ్చాను. ఆ పైన: ఇంకెవరికైనా ఇచ్చానేమో, నాకు తెలియదు.

చూశారా? ఎడిటింగ్ లేదు. పాపిరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన ఆనాటి కాగితం) మీద సిరా పడింది, చెరిపి మళ్లీ రాసే ఓపిక ఎవరికీ లేదు. నా మటుకు నాకు ఈ రెండు మూడు వాక్యాలు చదివినప్పుడల్లా గదిలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్న మనిషి కనబడతాడు. రెండు వేల ఏళ్లు జనం దీన్ని పవిత్రగ్రంథంగా చదువుతారని ఊహించినవాడైతే ఆ మాట అలా వదిలేసేవాడు కాదు.

ఇంకో తమాషా. అదే ఉత్తరం ఐదో అధ్యాయంలో, ఇంతకుముందు మీకు రాసిన ఉత్తరంలో చెప్పాను కదా అంటాడు. అంటే మనం 'మొదటి పత్రిక' అంటున్నది మొదటిది కాదు. ఆ ముందుది పోయింది. ఎవరూ కాపీ చేసి దాచలేదు.

చేరవేయడం కూడా చిన్న పనేం కాదు. ప్రభుత్వ తపాలా ప్రభుత్వానికే. మామూలు మనుషులు ఎవరైనా ఆ ఊరు వెళ్తున్నారా అని చూసుకుని ఇచ్చేవారు. రోమ్‌కు వెళ్లిన ఉత్తరాన్ని కెంక్రేయ ఊరి ఫీబే తీసుకెళ్లిందని పండితులు ఎక్కువమంది అంటారు. ఆమెను బాగా చూసుకోండని పౌలు అందులోనే సిఫారసు చేశాడు. అక్కడ చదివింది ఒకరు, విన్నది అందరూ. చదువు వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి పుస్తకం అంటే కంటికంటే చెవికే ఎక్కువ.

పౌలు పేరుతో ఉన్న ఉత్తరాలు 13. వాటిలో 7 ఆయనవేనని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మిగతా వాటి మీద వాదన ఉంది. బైబిల్లో ఇవి రాసిన వరసలో లేవు. సంఘాలకు రాసినవి ముందు, మనుషులకు రాసినవి తర్వాత, రెంటిలోనూ సుమారుగా పెద్దది ముందు, చిన్నది వెనక.

[తెర మీద: రోమ్‌లో టైటస్ తోరణం. దేవాలయం దీపస్తంభాన్ని మోసుకెళ్తున్న సైనికుల శిల్పం]

70వ సంవత్సరంలో రోమ్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేసింది. యేసును కళ్లారా చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అప్పటిదాకా నోట్లో నానుతున్న కథలను ఇక రాసిపెట్టుకోవాల్సి వచ్చింది. మార్కు సుమారు 70 ప్రాంతంలో, మత్తయి, లూకా ఆ తర్వాత పదీ ఇరవై ఏళ్లకు, యోహాను శతాబ్దం చివర్లో అన్నది ఎక్కువమంది పండితుల అంచనా. మార్కులో ఉన్నదాంట్లో చాలా భాగం మత్తయిలో మళ్లీ కనబడుతుంది, చాలాచోట్ల అవే మాటలతో. మార్కు చుట్టను పక్కన పెట్టుకునే రాశారని అందుకే అంటారు.

లూకా అయితే దాపరికం లేకుండా మొదట్లోనే చెప్పేశాడు: ఇదివరకే చాలామంది రాశారు, నేను మొదటి నుంచీ అన్నీ విచారించి వరసగా రాస్తున్నాను అని. ఎవరికో తెలుసా? థెయొఫిలు అనే ఒక పెద్దమనిషికి. నాలుగు సువార్తల్లోనూ కథ లోపల రచయిత తన పేరు చెప్పుకోడు. ఆ పేర్లు పైన శీర్షికలుగా వచ్చినవి.

[తెర మీద: కార్తేజ్ శిథిలాలు. సంవత్సరం: 180]

ఇప్పుడు కార్తేజ్ వెళ్దాం. 180, జూలై 17. స్కిల్లి అనే ఊరి నుంచి పట్టుకొచ్చిన క్రైస్తవుల విచారణ జరుగుతోంది. అధికారి సాటర్నినస్ అడిగాడు: "మీ పెట్టెలో ఉన్నవేమిటి?" వాళ్లలో ఒకడు చెప్పిన జవాబు: "పుస్తకాలు, పౌలు అనే నీతిమంతుడి ఉత్తరాలు." అదే రోజు వాళ్లను చంపేశారు. కొరింథువాళ్ల మీద కోపంతో చెప్పి రాయించిన ఉత్తరాలు, నూట ముప్పై ఏళ్లు తిరిగేసరికి, సముద్రం అవతల పల్లెటూరివాళ్లు ప్రాణం మీదికొచ్చినా వదలని వస్తువులయ్యాయి.

అయితే పెట్టెలో ఏవి ఉండాలి, ఏవి ఉండకూడదు? ఇక్కడ చాలామంది చెప్పే కథ ఒకటుంది: 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నికయ సభ పెట్టి, ఓటు వేయించి పుస్తకాలు ఎంపిక చేయించాడని. సినిమా కథకు బాగుంటుంది. నికయ సభ చేసిన 20 నియమాలు మన దగ్గర ఉన్నాయి. వాటిలో పుస్తకాల లిస్టే లేదు.

అసలు గొడవ అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే మొదలైంది. నల్లసముద్రం ఒడ్డు నుంచి మార్సియన్ అనే ఓడల యజమాని రోమ్ వచ్చాడు. యూదుల గ్రంథాలు మనకు అక్కర్లేదు, లూకా సువార్త కొంత కోసి, పౌలు ఉత్తరాలు 10 ఉంటే చాలన్నాడు. 144 ప్రాంతంలో రోమ్ సంఘం అతన్ని గెంటేసింది, అతనిచ్చిన విరాళం కూడా తిరిగి ఇచ్చేసింది. (ఈ రెండోది చరిత్రలో అరుదు.) కానీ అతని లిస్టు చూశాక మిగతావాళ్లకు టెన్షన్ పట్టుకుంది. మరి మన లిస్టు ఏది? 180 ప్రాంతంలో లియోన్ బిషప్పు ఇరేనియస్ సువార్తలు నాలుగే, దిక్కులు నాలుగు కదా అన్నాడు. తర్కం సంగతి ఎలా ఉన్నా, అప్పటికే చాలా సంఘాల్లో ఆ నాలుగే చదువుతున్నారని దీనివల్ల తెలుస్తుంది.

చదవనివీ ఉన్నాయి. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర మట్టి కుండలో దొరికిన పుస్తకాల్లో తోమా సువార్త ఉంది. యేసు అన్నట్టు చెప్పే 114 మాటలు. పుట్టుక లేదు, సిలువ లేదు.

ఇప్పుడున్న 27 పుస్తకాలూ, ఎక్కువా తక్కువా కాకుండా, మనకు దొరికిన లిస్టుల్లో మొదటిసారి కనబడేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఈస్టర్ సందర్భంగా పంపిన లేఖలో. అదీ ఉత్తరమే! అయినా గొడవ ఆగలేదు. సిరియాక్ భాషలోని పెషిత్త బైబిల్లో ప్రకటన గ్రంథంతో సహా ఐదు లేవు, 22 పుస్తకాలే. కేరళ సిరియన్ క్రైస్తవులు శతాబ్దాల తరబడి చదివింది ఆ పెషిత్తనే.

[తెర మీద: మాంచెస్టర్, జాన్ రైలాండ్స్ లైబ్రరీ. అద్దం వెనక చిన్న ముక్క]

మరి చేతికందే పాత కాగితం ఏది? ఇదిగో. ఏటీఎం కార్డు కంటే రవ్వంత పెద్దది. 1920లో ఈజిప్టులో కొన్న పాత పాపిరస్ ముక్కల మధ్య ఉండిపోయింది. 1934లో కాలిన్ రాబర్ట్స్ అనే పండితుడి కంట పడింది. యోహాను సువార్త, 18వ అధ్యాయం. రెండో శతాబ్దానిదని ఎక్కువగా చెప్తారు, ఇంకాస్త తర్వాతదనేవాళ్లూ ఉన్నారు. రెండు వైపులా రాత ఉంది కాబట్టి ఇది చుట్ట కాదు, పేజీలు తిప్పే పుస్తకం. క్రైస్తవులకు మొదటి నుంచీ ఈ పేజీల పుస్తకమంటేనే ఇష్టం. సిర్టా ఇళ్లలో దొరికినవీ ఇలాంటివే.

[క్లోజప్: వెనక వైపు]

ఇది పిలాతు యేసును విచారించే ఘట్టం. చివరి వరసలు చూడండి. 'అతనితో అంటాడు' అన్న రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి. కింది వరసలో 'ఇది' అన్న మాట ఉంది, 'ఇది చెప్పి బయటికి వెళ్లాడు' అనే వాక్యం మొదలు. ఈ రెంటి మధ్య పిలాతు ప్రశ్న ఉండాలి: "సత్యమంటే ఏమిటి?"

పాపిరస్ సరిగ్గా అక్కడ చిరిగిపోయింది.