మత్తు ఇంజెక్షన్‌తో బయటపడే వారసత్వం

సభకు నమస్కారం.

ఒక జబ్బు వంశం వల్ల వచ్చిందా, తిండీ నీరూ గాలీ వల్ల వచ్చిందా అని వాదించుకుని, చివరికి రెంటికీ చెరో సగం వాటా పంచి సరిపెట్టుకోవడం మనకు అలవాటు. ఆ పంపకమే కుదరని సందర్భం ఒకటి మన తెలుగునాటే ఉంది.

ఆపరేషన్ సమయంలో శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే కండరాలు సడలాలి. అందుకు మత్తు డాక్టర్లు దశాబ్దాలుగా వాడుతున్న ఇంజెక్షన్లలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము రక్తంలోనే దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది కనుక దాని ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. అయితే ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపంతోనే సంక్రమించినవారిలో, ఆపరేషన్ ముగిసి కుట్లు వేయడం పూర్తయినా, ఊపిరి తీసే కండరాలు గంటల తరబడి కదలవు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకుని ఉంటే మందు ప్రభావం దానంతటదే తగ్గిపోతుంది; ఆ ఏర్పాటు లేనిచోట ప్రాణానికే ముప్పు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన సమూహం తరతరాలుగా తనలో తానే వియ్యమందుతూ వస్తే, ఆ పూర్వీకుల్లో ఒకరికున్న అరుదైన జన్యు మార్పు కూడా చాలామందిలోకి పాకవచ్చు. మేనరికం లేని సంబంధమైనా ఈ అవకాశం తప్పదు. మన దేశంలో ఎన్నో సమూహాల చరిత్ర ఇలాంటిదేనని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది. కాబట్టి దీన్ని ఒక కులానికి అంటగట్టే మచ్చగా చూడడం అజ్ఞానమే.

మరి ఇది జన్యువ్యాధేనా? ఆ ఇంజెక్షన్ ఎన్నడూ తగలని మనిషి నిండు నూరేళ్లూ ఏ లక్షణమూ లేకుండా బతకవచ్చు. ఎంజైము సరిగా ఉన్నవారికి అదే ఇంజెక్షన్ పడినా ఈ ఇబ్బంది రాదు. రెండూ కలిస్తేనే ప్రమాదం పుడుతున్నప్పుడు ఎవరి వాటా ఎంత శాతమని అడగడానికి అర్థమే లేదు.

ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే మరో ఎంజైము లోపం కథ మరింత చిత్రమైనది. వైవాక్స్ రకం మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ మందు పడితే ఈ లోపమున్నవారి ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి మూత్రం నల్లబడుతుంది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మగవారికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది కనుక బాధితుల్లో మగవారే ఎక్కువ. అదే లోపం మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది కనుకనే మలేరియా పీడించిన ప్రాంతాల్లో అది తరాలు దాటి నిలిచింది. అంటే పరిసరమే జన్యువును ఎంచి నిలబెట్టింది. ఆ జ్వరానికి మనం కనిపెట్టిన మందే దాన్ని ప్రమాదంగా మార్చింది. అందుకే ప్రైమాక్విన్‌కు ముందు జీ6పీడీ పరీక్ష చేయించడం మేలు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తిరిగి అందుకోవడానికి అసాధారణంగా ఆలస్యమై ఉంటే, రక్తసంబంధీకుల్లో ఎవరు ఆపరేషన్‌కు వెళ్లినా ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఎంజైము పరీక్ష రక్తంతోనే అయిపోతుంది, వేరే మందులూ ఉన్నాయి.