నా స్వభావం ఏది, నా రుగ్మత ఏది

అందరికీ నమస్కారం.

డిప్రెషన్ వచ్చినవాళ్లను పలకరిస్తే చాలామంది "నేను ఇదివరకు ఇలా ఉండేదాన్ని కాదు" అంటారు. ఆ 'ఇదివరకు' వాళ్లకొక ఆసరా. మళ్లీ అలా అవుతామన్న ఆశ పెట్టుకోవడానికి ఒక చోటు. పర్సనాలిటీ డిజార్డర్‌తో, అంటే ఆలోచించే, స్పందించే తీరులోనే ఉండే రుగ్మతతో, బతికేవాళ్లకు ఆ చోటు ఉండదు. ఊహ తెలిసినప్పటి నుంచీ నేనింతే. ఇంట్లో మొండి అన్నారు, బళ్లో అతి అన్నారు, పెద్దయ్యాక నీతో వేగలేం అన్నారు. నాకున్నది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని సైకియాట్రిస్టు చెప్పినప్పుడు మొట్టమొదట నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: మొదటి నుంచీ ఉన్నదే జబ్బయితే, జబ్బు తగ్గాక మిగిలేది ఎవరు?

ఇవాళ మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వెలువరించే మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎంలో బోర్డర్‌లైన్ 1980లో చేరింది. ఇప్పుడున్న పుస్తకంలో దానికి 9 లక్షణాలు రాసి ఉన్నాయి. వదిలేస్తారేమోనన్న భయం, ఇవాళ నెత్తిన పెట్టుకున్న మనిషినే రేపు నేలకేసి కొట్టడం, గంటగంటకూ మారే మనసు, పట్టలేని కోపం, తనకు తాను హాని చేసుకోవడం, లోపలంతా ఖాళీగా ఉండటం, ఇలాంటివి. తొమ్మిదిలో ఏ ఐదున్నా ఆ పేరు పెడతారు. లెక్క కట్టి చూడండి, 256 రకాల కలయికలు వస్తాయి. ఇద్దరు మనుషులకు ఒకే ఒక్క లక్షణం ఉమ్మడిగా ఉన్నా ఇద్దరిదీ ఒకటే జబ్బు అవుతుంది. అంత వదులుగా ఉన్న పేరు ఒక మనిషి ఎలాంటిదో ఎలా చెబుతుంది?

ఆ తొమ్మిదిలో ఒకటి మరీ చిక్కైనది. తానెవరో తనకే నిలకడగా తెలియకపోవడం. ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల అభిరుచులే మనవైపోవడం, ఉద్యోగం దగ్గర్నుంచి నమ్మకాల దాకా అన్నీ తరచూ తారుమారవడం. అసలే ఖాళీగా ఉన్న ఆ జాగాలోకి డయాగ్నోసిస్ వచ్చి కూర్చుంటుంది. ఏడిస్తే బోర్డర్‌లైన్, ప్రేమిస్తే బోర్డర్‌లైన్, రాత్రి నిద్ర పట్టకపోయినా బోర్డర్‌లైనే. దీన్ని తేలిక చేసి మాట్లాడను. ఏళ్ల తరబడి పడ్డ బాధకు ఒక పేరుందని, నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసినప్పుడు కలిగే ఊరట చాలా పెద్దది. కాకపోతే ఆ పేరు మీదే ఇల్లు కట్టేసుకుంటే ప్రమాదం. పేర్లు పెట్టేవాళ్లే వాటిని మారుస్తుంటారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఐసీడీ-11, పర్సనాలిటీ డిజార్డర్లకు ఉన్న వేర్వేరు పేర్లను చాలావరకు తీసేసింది. ఇబ్బంది స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని చూడమంది. బోర్డర్‌లైన్‌ను పక్కన చేర్చుకునే ఒక వివరంగా మాత్రం ఉంచింది.

ఇక రెండో వైపు నుంచి వచ్చే మాట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఈ సామెతకు నేను భయపడినంతగా మరి దేనికీ భయపడలేదు. అది నిజం కాదని చెప్పే ఆధారాలున్నాయి. అమెరికాలోని మెక్లీన్ ఆస్పత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ పేషెంట్లను పరిశోధకురాలు మేరీ జానరీని బృందం 1992లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్ల పాటు ఆ డయాగ్నోసిస్‌కు సరిపడా లక్షణాలు లేకుండా పోయాయి. అయితే లక్షణాలు తగ్గడంతోపాటు ఉద్యోగమో చదువో, మనుషులతో సంబంధాలో కూడా కుదురుకున్నది సగం మందికే. ఈ రెండో అంకెను దాచకూడదని నా అభిప్రాయం. జబ్బు నెమ్మదించినంత త్వరగా బతుకు గాడిన పడదు. ఆ ఆలస్యానికి మనం చేతకానివాళ్లం కావడం కారణం కాదు.

స్వభావాన్నీ రుగ్మతనీ విడదీయడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. పావుగంటలో గుండె దడ మొదలవుతుంది. అరగంటకల్లా నేనంటే విసుగొచ్చిందన్నది ఖాయమైపోతుంది. పోయిన నెలలో తను ముభావంగా అన్న మాటలన్నీ సాక్ష్యాలుగా బారులు తీరతాయి. "ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు" అని టైపు చేసేస్తాను. బొటనవేలు సెండ్ మీద ఉంటుంది.

"ఇది నేనా, నా జబ్బా?" అని అప్పుడు అడిగి లాభం లేదు. ఆ వేడిలో దానికి జవాబు దొరకదు. థెరపీలో నేర్చుకున్నది వేరు. జరిగిందేమిటి? జవాబు రాలేదు, అంతే. నేను అనుకున్నదేమిటి? వదిలేసిందని. నా చెయ్యి ఏం చేయబోతోంది? ఈ మూడింటినీ వేర్వేరుగా చెప్పుకోవాలి. అది కూడా చేతకానంత ఉడుకుగా ఉంటే ఊపిరి బిగబట్టి ముఖాన్ని చన్నీళ్లలో ముంచాలి. శరీరానికే ఉన్న ఒక సహజ ప్రతిస్పందన వల్ల గుండె వేగం తగ్గుతుంది (గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇది చేయకండి). ఉద్వేగాలను తట్టుకోవడం నేర్పే మానసిక చికిత్స డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలోని పద్ధతుల్లో ఇది ఒకటి. దాన్ని రూపొందించిన మార్షా లైన్‌హాన్, తాను టీనేజీలో తనకు తాను హాని చేసుకుంటూ మానసిక చికిత్సాలయంలో రెండేళ్లకు పైగా ఉన్నానని 2011లో బహిరంగంగా చెప్పారు.

ఈ ఉదాహరణలో నాది ఏది? స్నేహితురాలు దూరమవుతుందేమోనన్న బెంగ నాదే. మనుషుల్ని గాఢంగా ప్రేమిస్తాను, దాన్ని ఏ థెరపీ తీసేయాలని చూసినా ఒప్పుకోను. తేలిగ్గా కదిలిపోయే మనసుతో పుట్టిన పిల్లకు "ఏడవడానికి ఇందులో ఏముంది" అని పదేపదే చెబితే, గట్టిగా అరిస్తే తప్ప ఎవరూ వినరని ఆ పిల్ల నేర్చుకుంటుంది. అప్పట్లో బతకడానికి పనికొచ్చిన ఆ అలవాటు ఇప్పుడు ఉన్నవాళ్లను పోగొడుతోంది. రుగ్మత అంటే నాకు అర్థమైనది ఆ అలవాటే. భావం పుట్టడానికీ చెయ్యి కదలడానికీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే నేను దాన్నుంచి వేరుపడగలను.

విడదీయడాన్ని తప్పించుకోవడానికి వాడుకోకూడదు. గాయపడ్డ మనిషితో "అన్నది నేను కాదు, నా జబ్బు" అంటే అది క్షమాపణ కాదు. "ఎందుకంత భయపడ్డానో చెప్పగలను, ఆ మాట అన్నది మాత్రం నేనే" అనాలి.

ఇంట్లోవాళ్లకూ ఒక విన్నపం. మాకు వచ్చే ప్రతి కోపాన్నీ జబ్బు ఖాతాలో రాయకండి. చెప్పకుండా నా వస్తువు తీసుకెళితే ఎవరికైనా కోపం వస్తుంది, నాకూ వస్తుంది. "మందులు వేసుకున్నావా?" అని దానికి జవాబిస్తే, నాకు మామూలు కోపం అనేదే లేకుండా చేసినట్టు. మా అక్క ఇప్పుడు వేరేలా అడుగుతుంది: "ఇందులో నేను చేసింది ఎంత, పాతది ఎంత?" ఒక్కోసారి పాతదే ఎక్కువని నాకే తెలుస్తుంది, చెబుతాను. ఒక్కోసారి "మొత్తం నువ్వు చేసిందే అక్కా" అంటాను. అప్పుడిక అందరు అక్కచెల్లెళ్లలాగే మేమూ పోట్లాడుకుంటాం.