కట్నం ఎంత చదివించాలి?

శ్రోతలకు నమస్కారం.

మాఘమాసం వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏ ఇంట చూసినా నాలుగైదు శుభలేఖలు కనిపిస్తాయి. పెళ్లి, గృహప్రవేశం, ఇరవై ఒకటో రోజు, ఓణీల వేడుక. అన్నిటికీ వెళ్లాలి, అన్నిచోట్లా కట్నం చదివించాలి. ఎంత అన్నది చాలా ఇళ్లలో పాత నోటుపుస్తకమే తేలుస్తుంది. మన పెళ్లికి వాళ్లు అయిదు వందల పదహార్లు పెట్టారు, మనం తగ్గకూడదు అంటారు. ఆ లెక్కను నేను తప్పుపట్టను. ఊరంతా తలా ఒక చెయ్యి వేసి ఒక ఇంటి శుభకార్యాన్ని గట్టెక్కించే మంచి ఏర్పాటు అది. అయితే ఈ ఏడు మన పత్తి ఎంత పండిందో ఆ పుస్తకానికి తెలియదు.

అప్పు చేసి పెట్టే కానుకలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే ఏడాదికి వడ్డీయే 3,600. ఇక మేనమామ పెట్టే తులం బంగారం సంగతి. 2015లో పది గ్రాములు ముప్ఫై వేల లోపే ఉండేది. 2025లో లక్ష దాటింది. పెద్ద మేనకోడలికి అప్పుడు అన్న పెట్టాడు కనుక చిన్నదానికి ఇప్పుడు తమ్ముడూ తులమే పెట్టాలనడం అన్యాయం.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా, పెళ్లిలో వధువు తరఫువారు అడగకుండా ఇచ్చే కానుకలు ఆచారం ప్రకారం ఉండాలని, ఇచ్చేవారి స్థోమతకు మించకూడదని చెబుతోంది. పుచ్చుకునేవారి హోదా ప్రస్తావన అక్కడ లేదు.

ఒడిబియ్యమే చూడండి. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, ఒక రవికగుడ్డ. ఆడబిడ్డ కొంగు పట్టి కూర్చుంటే తల్లి దోసిళ్లతో పోస్తుంది. ఇప్పుడు దానికి వెండి గిన్నెలు, అత్తవారింట అందరికీ బట్టలు తోడయ్యాయి. చిన్న గళ్ల నారాయణపేట నూలు చీర పెడితే ఏ ఆడబిడ్డ చిన్నబుచ్చుకుంటుంది? మన మగ్గాలకూ పని దొరుకుతుంది.

పత్తి డబ్బు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ కూర్చోండి. విత్తనాలకు, పిల్లల ఫీజులకు తీసి పక్కన పెట్టాక, కానుకలకు ఎంత మిగులుతుందో చూడండి. అందులో తోబుట్టువుల వాటా ముందు తీయండి. మిగిలినవారికి నూట పదహార్లు చదివించినా, ముందురోజే వెళ్లి వంట దగ్గర, పందిరి దగ్గర పని అందుకోండి.

కార్యం మీ ఇంటిదైతే, కట్నాలు రాసేవారికి ముందే ఒక మాట చెప్పండి: పేరు, ఊరు, మొత్తం పుస్తకంలో రాసుకోవాలి గానీ, ఎవరెంత ఇచ్చారో మైకులో చదవవద్దని.