పనిలేనిది

అందరికీ నమస్కారం.

వెల్డింగ్ షాపుల ముందు 'ఆర్గాన్ వెల్డింగ్ చేయబడును' అన్న బోర్డు చూసే ఉంటారు. స్టీలు గ్రిల్లు అతుకుతుంటే సిలిండర్ నుంచి పైపులో సన్నగా బుస్సుమంటూ వస్తుందే, ఆ వాయువు. కాలుతున్న లోహానికి గాలి తగలకుండా చుట్టూ నిలబడుతుంది. తను మాత్రం దేనితోనూ కలవదు.

1894లో లార్డ్ రేలీ, విలియం రామ్సే అనే శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు. రసాయనాల నుంచి తీసిన నైట్రోజన్ కంటే గాలి నుంచి తీసిన నైట్రోజన్ అర శాతం దాకా ఎక్కువ తూగింది. ఆ కాస్త తేడాలో ఉన్నది ఇదే. ఎంత ప్రయత్నించినా దేనితోనూ కలవకపోయేసరికి గ్రీకులో 'ఆర్గోన్' అని పేరు పెట్టారు.

'ఎర్గోన్' అంటే పని. దాని ముందు లేమిని చెప్పే 'అ' చేరింది. మన 'అధర్మం'లోని 'అ'కు ఇది చుట్టమే. 'అఎర్గోస్'లో అచ్చులు రెండూ కలిసిపోయి, మన సంధిలాగే, 'ఆర్గోస్' అయింది.

ఇక లింగం సంగతి. ఇది నాకు భలే ఇష్టం. తెలుగులో పనిలేనివాడు వేరు. ఆడమనిషినైనా వస్తువునైనా 'పనిలేనిది' అనేస్తాం. తొలినాటి గ్రీకులో ఈ మాటకు మగవాళ్లకూ ఆడవాళ్లకూ కలిపి 'ఆర్గోస్', వస్తువుకు విడిగా 'ఆర్గోన్'. మనం ఆడవాళ్లను వస్తువుల పక్కన కూర్చోబెట్టాం, వాళ్లు మగవాళ్ల పక్కన కూర్చోబెట్టారు! వాయువు మనిషి కాదు కాబట్టి నపుంసక రూపమే దక్కింది.

ఈ గ్రీకు మాటను చాలామంది 'సోమరి' అని అనువదిస్తారు. నేను ఒప్పుకోను. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో సంతవీధిలో నిలబడ్డ కూలీలున్నారు. గ్రీకు మూలంలో వాళ్లు 'ఆర్గూస్', అంటే ఇదే మాటకు ద్వితీయా విభక్తి బహువచనం. మన లేబర్ అడ్డా దృశ్యమే అనుకోండి. ఎందుకు నిలబడ్డారని యజమాని అడిగితే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదంటారు. వాళ్లు సోమరులెలా అవుతారు? తెలుగు బైబిల్లో అక్కడ 'ఊరక' అని ఉంది. అదీ మాట!

ఈ వాయువునూ చివరికి ఒకరు పనిలో పెట్టారు. 2000లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి శాస్త్రవేత్తలు మైనస్ 265 డిగ్రీల చలిలో హైడ్రోజన్, ఫ్లోరిన్‌ల మధ్య దీన్ని ఇరికించి ఒక సమ్మేళనం చేశారు. కాస్త వెచ్చబడగానే అది విడిపోయింది.