ఎర్లీ డెసిషన్ సంతకం: పెట్టాలా, ఆగాలా?

అమెరికాలో ఎర్లీ డెసిషన్ (ఈడీ) అంటే ఒక్క కాలేజీకి ముందుగా దరఖాస్తు పెట్టి, సీటిస్తే అందులోనే చేరతామని సంతకం చెయ్యడం. దాని మీద డాలస్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఒక అడ్మిషన్ల కౌన్సెలర్, ఫ్రిస్కోలో ఉండే ఒక తండ్రి, కాలేజీ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి పాల్గొన్నారు. అమ్మాయి మాటలు చాలాచోట్ల మధ్యలో తెగిపోయాయి. తెగినచోట తెగినట్టే ఉంచాం.

యాంకర్: నమస్కారం. ఈడీ దరఖాస్తులకి నవంబరు 1 గడువు ముంచుకొస్తోంది. ఎర్లీ డెసిషన్ వల్ల కాలేజీల మధ్య పోటీ పోయి ఖర్చు పెరుగుతోందంటూ 2025 ఆగస్టులో 32 కాలేజీల మీద మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా కూడా పడింది. నా ప్రశ్న ఒకటే. పదిహేడేళ్ల పిల్లాడి చేత ‘సీటిస్తే చేరి తీరతా’ అని సంతకం పెట్టించడం న్యాయమా?

కౌన్సెలర్: న్యాయం సంగతి కోర్టు చూసుకుంటుందండీ, సీటు సంగతి మనం చూసుకోవాలి. బ్రౌన్ యూనివర్సిటీనే తీసుకోండి. 2024 డిసెంబరులో ఎర్లీ వాళ్లలో సుమారు 18 శాతం మందికి సీట్లిచ్చింది. ఆ ఏడు మొత్తం మీద ఆరు శాతం కూడా లేదు. మూడింతలు!

తండ్రి: ఆ 18లో కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు కూడా ఉంటారు కదా సార్. వాళ్లని తీసేస్తే మా అబ్బాయికి మిగిలేదెంత?

కౌన్సెలర్: తీసేసినా ఎక్కువే.

తండ్రి: ఎంత ఎక్కువ?

కౌన్సెలర్: ఎక్కువే అంటున్నాను కదండీ. నన్ను పూర్తి చెయ్యనివ్వండి. ఈడీలో వచ్చినవాడు చేరతాడని కాలేజీకి భరోసా. ఆ భరోసాకి విలువ ఉంటుంది. మూడింతలు అని ఊరికే అనలేదు.

యాంకర్: సంతకం గురించి అడిగాను. పిల్లాడితోపాటు తల్లిదండ్రులూ, స్కూల్ కౌన్సెలరూ పెట్టాలి కదా? అమ్మా, నువ్వు పెట్టావు. చెప్పు.

విద్యార్థిని: పెట్టానండీ. మేం అప్పుడు హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్నాం, ఫెడరల్ ఎయిడ్, అదే ప్రభుత్వం ఫీజుకిచ్చే సాయం, రాదు. డిసెంబరు మధ్యలో సీటొచ్చింది. కాలేజీ ఎంత సాయం చేస్తుందో చెప్పే ఎయిడ్ కాగితం చూసి నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. నేనేమో...

కౌన్సెలర్: డబ్బు చాలకపోతే బయటికి రావచ్చు, రూల్ ఉంది. అందరూ ఇది మర్చిపోయి భయపడతారు.

విద్యార్థిని: రూల్ ఉందండీ. కానీ చాల్లేదని ఎవరు తేల్చాలి? మీరింత కట్టగలరని వాళ్ల లెక్క, కట్టలేమని మా లెక్క. పైగా నేను మానేస్తే వచ్చే ఏడు మన పిల్లల్ని ఆ కాలేజీ ఎలా చూస్తుందోనని మా స్కూల్లో మేడమ్...

కౌన్సెలర్: అందుకే ముందే ఆ కాలేజీ సైట్లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో, సాయం పోగా మనం కట్టాల్సింది ఎంతో చూసుకోమంటాను.

విద్యార్థిని: చూశాం అంకుల్. అందులో మా వీసా సంగతి అడగనే లేదు.

యాంకర్: అంటే సంతకం పెట్టినప్పుడు నీకు అర్థమయ్యే పెట్టావా?

తండ్రి: నేనొకటి చెప్పాలి. ఇక్కడ మన టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీ, యూటీ ఆస్టిన్ ఉంది. టెక్సస్ స్కూళ్లలో టాప్ ఆరు శాతానికి సీటు ఖాయం అనేవారు, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి అది ఐదు. ఫ్రిస్కో స్కూళ్లలో ఆ ఐదులో ఉండటమంటే మాటలా? ర్యాంకు కోసం ఇల్లే మారదామా అని మా ఆవిడ...

యాంకర్: నిజంగా మారుతున్నారా?

తండ్రి: మారినవాళ్లున్నారండీ. మారినా సీటే ఖాయం, కంప్యూటర్ సైన్స్ ఖాయం కాదు.

కౌన్సెలర్: చూశారా! అందుకే ఈడీ అంటున్నాను.

తండ్రి: యూటీలో ఈడీయే లేదు సార్! ఎర్లీ యాక్షన్. కట్టుబడక్కర్లేదు. ఎంఐటీదీ అంతే. అలాంటివి వేసుకుని ఏప్రిల్‌లో నాలుగు ఎయిడ్ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే తప్పేంటి?

కౌన్సెలర్: ఏప్రిల్ దాకా ఆగి ఏడ్చినవాళ్లని నేను చూశాను.

తండ్రి: డిసెంబరులో ఏడ్చిన పిల్ల ఇక్కడే కూర్చుంది కదండీ!

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

కౌన్సెలర్: ...హార్వర్డ్, ప్రిన్స్‌టన్ 2006లో ఎర్లీ ఎత్తేస్తామన్నాయి. 2011లో మళ్లీ తెచ్చుకున్నాయి. అంత పెద్దవాళ్లే ఆగలేకపోయారు, మనమెంత?

తండ్రి: వాళ్లు తెచ్చుకున్నది బైండింగ్ కాదు కదా, సీటొచ్చినా చేరి తీరక్కర్లేదు!

కౌన్సెలర్: ఎర్లీయే కదా. ఎర్లీ అంటే ఎర్లీయే. మూడింతలు.

యాంకర్: మళ్లీ సంతకానికే వస్తాను. పదిహేడేళ్ల పిల్లలు...

కౌన్సెలర్: తల్లిదండ్రులు పక్కన ఉంటారండీ! నవంబరు పోతే చాలా కాలేజీల్లో ఈడీ-2, అంటే ఈడీ రెండో విడత ఉంది, జనవరి మొదట్లో గడువు. మొదటి ఎంపికలో రాకపోయినా రెండోది చేతిలో ఉంచుకోండి. ఇంట్లో కూర్చుని చూస్తున్నవాళ్లకి నా మాట ఇదే: ఇష్టమైన కాలేజీ ఒకటుంటే వెనకాడకండి.

యాంకర్: సమయం అయిపోయింది. అమ్మా, ఒక్క మాటలో?

విద్యార్థిని: నేను చివరికి ఆ సీటు వదిలేశానండీ. మిగతా అప్లికేషన్లన్నీ రెండు వారాల్లో రాశాను. డబ్బు చాలదని ఎవరు తేలుస్తారని ఇందాక అడిగాను, దానికి...

కౌన్సెలర్: అది కాలేజీని బట్టి ఉంటుంది. అసలు సంగతి మాత్రం ఆ శాతాలు. సుమారు 18 ఎక్కడ, ఆరు ఎక్కడ...

యాంకర్: విరామం తీసుకుందాం.